పది ప్రశ్నల కాగితం

అందరికీ నమస్కారం. ఇక్కడ న్యూజెర్సీలో, మన ఎడిసన్ ఊరి చుట్టుపక్కల పిల్లల్ని కన్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. కాన్పయ్యాక చెకప్‌కి వెళ్తే పది ప్రశ్నల ఫారం ఇస్తారు, గుర్తుందా? ఈ ఏడు రోజుల్లో నవ్వగలిగారా, ఊరికే భయం వేసిందా, నిద్ర పట్టనంత దిగులుగా ఉందా... కాన్పు తర్వాత వచ్చే దిగులును (డిప్రెషన్‌ను) పసిగట్టడానికి 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఎడిన్‌బరో స్కేలు అది. "అబ్బే, ఏం లేదు" అన్నట్టు టిక్కులు పెట్టేసి ఇచ్చేశాను నేనైతే.

బాలింతలను ఇలా అడిగి తీరాలని అమెరికాలో మొదట చట్టం చేసింది మన న్యూజెర్సీయే, 2006లో. బాగానే ఉంది. కానీ 2004-07 మధ్య ఇక్కడ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) మీద కాన్పయినవాళ్ల లెక్క తీస్తే, ఆ తర్వాత మానసిక వైద్యానికి వెళ్లిన తెల్లవాళ్లు 9 శాతం, నల్లజాతివాళ్లు 4 శాతం. ఇద్దరికీ ఇన్సూరెన్స్ ఒకటే.

"వాళ్లు చెప్పుకోరండీ, వాళ్ల కల్చరే అంత" అని మన ఇళ్లలోనే విన్నాను. నేనొప్పుకోను. దిగులుగా ఉందని రాస్తే ప్రభుత్వం వాళ్లొచ్చి బిడ్డను తీసుకుపోతారేమోనని ఆ నల్లజాతి తల్లి భయం. అది ఉత్త భయమా? నల్లజాతి పిల్లల్లో 53 శాతం మంది పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఒక్కసారైనా శిశు సంక్షేమ శాఖ విచారణ చూస్తారని 2017లో ఒక అంచనా వచ్చింది. మనకు అత్తగారికి తెలుస్తుందేమోనని టెన్షన్. ఆవిడకేమో గవర్నమెంటు గుమ్మంలోకి వస్తుందేమోనని.

పోనీ ధైర్యం చేసి చెప్పిందే అనుకోండి. నల్లజాతి టెన్నిస్ ఛాంపియన్ సెరెనా విలియమ్స్ అంతటి మనిషి 2017లో కాన్పయిన మర్నాడు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమో, స్కాన్ తీయండంటే, మందుల వల్ల తికమకపడుతోందని నర్సు అనుకుందట. తీస్తే గడ్డలు నిజంగానే ఉన్నాయి. ఊపిరాడటం లేదంటేనే ఇలా ఉంటే, ఏడుపు ఆగడం లేదంటే ఎవరు పట్టించుకుంటారు?

అప్పట్లో కాన్పయిన అరవై రోజులకే ఆ మెడికెయిడ్ చాలామందికి ఆగిపోయేది. దిగులేమో మూడో నెలలోనో ఐదో నెలలోనో కూడా మొదలవ్వచ్చు. ఇప్పుడు న్యూజెర్సీలో ఏడాది పాటు ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నయం.

మీలో నర్సులు, డాక్టర్లు ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఫారం తీసుకునేముందే, ఇది ఎవరెవరు చూస్తారో ఆవిడకు చెప్పండి. మార్కులు ఎక్కువొస్తే, అంటే దిగులు ఎక్కువున్నట్టు తేలితే, చేతిలో చీటీ పెట్టి పంపకండి. ఆవిడ కూర్చుని ఉండగానే కౌన్సెలర్‌కి ఫోన్ కలపండి. తల్లుల కోసం 2022లో పెట్టిన ఉచిత హాట్‌లైన్ 1-833-852-6262, రాత్రీపగలూ పలుకుతారు. రాసుకోండి, మళ్లీ చెప్తాను.