ఆ ‘కూడా’ కొట్టేయండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు వాటికే పోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం.

‘పాత సినిమా పాటల్లో రాగాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. నాలుగు కాగితాలు రాసుకుని వచ్చాను. కానీ ఇందాక వ్యాఖ్యాత గారు ఒక మాటన్నారు: ‘సభ చివర ఘంటసాల గారి హాయి హాయిగా పాట ఉంటుంది’ అని. అప్పటినుంచి కాగితాలు చేతిలో ఉన్నాయి గానీ మనసు వాటి మీద లేదు.

ఘంటసాల గారి పాటేమిటి బాబూ? అందులో సగం గాయని జిక్కిది కాదా?

ఘంటసాల గారంటే నాకు తక్కువ భక్తి అనుకోకండి. మా ఇంట్లో తెల్లవారేదే ఆయన గొంతుతో. అయినా అడుగుతున్నాను. 1957లో వచ్చిన ‘సువర్ణసుందరి’ పాట అది. సంగీత దర్శకుడు ఆదినారాయణరావు గారు సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అని నాలుగు రాగాలను దండగా గుచ్చారు. అదే బాణీని ఆయనే హిందీలో చేస్తే రఫీతో కలిసి లతా మంగేష్కర్ పాడారు. దాన్ని ఒట్టి రఫీ పాట అని ఎవరైనా అంటారా? లత నిలబడిన చోట తెలుగులో నిలబడింది జిక్కి. ఘంటసాల గారి పక్కన, రాగానికి రాగం, సంగతికి సంగతి.

మా నాన్నగారికి ఒక పాటల పుస్తకం ఉండేది. రేడియోలో పాట రాగానే చిత్రం, సంగీతం, గానం అని గళ్ళు గీసి ఎక్కించేవారు. నాకప్పుడు పదేళ్ళు. ఈ పాట గడిలో ఆయన ‘ఘంటసాల’ అని మాత్రమే రాశారు. నేను పెన్సిలు తీసుకుని పక్కన ‘జిక్కి కూడా’ అని రాశాను. పుస్తకం పాడుచేశావని చెవి మెలిపెట్టారు. కొన్నాళ్ళకు ఆ పాట మళ్ళీ వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. లేచి పుస్తకం తెరిచారు. నా మాట చెరిపేస్తారనుకున్నాను. కలం తీసి ‘కూడా’ ఒక్కటే కొట్టేశారు. ‘జిక్కి’ని ఉండనిచ్చారు. నాతో ఏమీ అనలేదు. చెవి మెలిపెట్టినందుకు కూడా ఏమీ అనలేదనుకోండి, ఆ రోజుల్లో నాన్నలు అనేవారు కాదు.

రాగాల సంగతికి వద్దాం. లేదు, ముందు ఇంకొకటి అడగాలి. ‘ఏరువాకా సాగారో’ ఎవరిది? చేతులెత్తండి. వహీదా రెహమాన్ ఆడిన పాట, అవును. కొసరాజు రాశారు, మాస్టర్ వేణు కట్టారు, అవును. ఆ వరస 1960లో హిందీ సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్ గారి చేతిమీదుగా బొంబాయి చేరిందని కూడా మీరు గర్వంగా చెబుతారు. పాడినదెవరు? చూశారా, వెనక వరుసలో ఆ అమ్మ ఒక్కరే చెయ్యెత్తారు. నూరేళ్ళు చల్లగా ఉండండి తల్లీ.

ఆ పాట ‘రోజులు మారాయి’లోది, 1955. అదే ఏడాది ‘అనార్కలి’లో ‘జీవితమే సఫలము’. ఒకటి పొలం గట్టు, ఒకటి మొగలు దర్బారు. ఒకే గొంతు, జిక్కిది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళ చుట్టూ ఉంటాయేమో. అసలు పేరు కృష్ణవేణి. 1943లో ‘పంతులమ్మ’ సినిమా నాటికి చిన్నపిల్ల. ఆ రోజుల్లో వాద్యాలూ గొంతూ ఒకేసారి రికార్డు కావాలి. చివరి చరణంలో ఎవరు తప్పినా అందరూ మళ్ళీ మొదటినుంచి. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా పాడి అతికిస్తున్నారు. తప్పని నేననను. కానీ ‘పులకించని మది పులకించు’ విన్నాక అతుకులు నా చెవికి తెలుస్తూనే ఉంటాయి.

ఆ పాటకు బాణీ కట్టినది ఆమె భర్త ఏ.ఎం. రాజా గారే. 1989లో రైలు ప్రమాదంలో ఆయన పోయారు. ఇక ఈమె పాడదనుకున్నాను. రెండేళ్ళకు ‘ఆదిత్య 369’లో ‘జాణవులే’ విన్నాను. వంటింట్లో ఉన్నాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఎవరి గొంతో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అంత వయసులోనూ ఆ పలుకులో కొంటెతనం చెక్కు చెదరలేదు. 2004లో ఆమె పోయినప్పుడు మా నాన్నగారి పుస్తకం తీసి ఆ గడి చూసుకున్నాను. పెన్సిలు వెలిసిపోయింది. కొట్టేసిన సిరా మాత్రం అలాగే ఉంది.

సమయం అయిందని చీటీ పంపారు. సరే, కాగితాలు మడిచేస్తున్నాను, రాగాలు ఇంకోసారి.

ఒక్క మాట వ్యాఖ్యాత గారితో. ఇందాక ఆ పాట పాడబోయే గాయకుడి పేరు చెప్పి, ‘మరొక గాయని కూడా’ అన్నారు. ఆ అమ్మాయి అదిగో, తెర పక్కన కాగితం చూసుకుంటోంది. నీ పేరేమిటమ్మా? వినబడలేదు. ఎవరైనా ఆమెకు మైకు ఇవ్వండి.