మా అబ్బాయి బరువు బడికెందుకు?

యాంకర్: నమస్కారం. పిల్లల డాక్టరు గారు మనతో ఉన్నారు. పిల్లల్లో ఊబకాయం విషయంలో ప్రభుత్వం ఎంతవరకు కలగజేసుకోవాలి అన్నది ఇవాళ్టి విషయం. మొదటి ఫోన్... చెప్పండమ్మా.

తల్లి: నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకి పదేళ్లు. బళ్లో అందరి బరువులూ చూసి, ఊబకాయం అని రాసిన కాగితం వాడి చేతికే ఇచ్చి పంపారు. మిగతా పిల్లలు చూసి ఏడిపించారట. అప్పట్నుంచి పొద్దున ఏమీ తినకుండా వెళ్తున్నాడు. అడిగితే, ప్రభుత్వం చెయ్యమంది, చేశాం అంటున్నారు.

డాక్టర్: ముందు బాబు సంగతి చూద్దామమ్మా. వాణ్ని పస్తు ఉండనివ్వకండి. ఇంకా పొడుగు పెరిగే వయసు కదా, ఇలాంటి చాలామంది పిల్లలకి బరువు తగ్గించక్కర్లేదు. ఇంకా పెరగకుండా చూసుకుంటే ఎత్తుతోపాటు సర్దుకుంటుంది. బీఎంఐ అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క. పిల్లల బీఎంఐని వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ బట్టి చార్టులో చూడాలి. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అనే పెద్దవాళ్ల లెక్క పిల్లలకి పనికిరాదు.

తల్లి: డాక్టరుకి చూపించాలా?

డాక్టర్: ఒకసారి చూపించండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా అయినా, నిద్రలో గురకపెడుతూ ఊపిరి ఆగినట్టు అనిపించినా, దాహం, మూత్రం బాగా ఎక్కువైనా మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇక బడి సంగతి. సింగపూర్‌లో 1992లో ట్రిమ్ అండ్ ఫిట్ అని ఒక కార్యక్రమం పెట్టారు. లావుగా ఉన్న పిల్లలకి విడిగా వ్యాయామాలు. లెక్కల్లో లావు పిల్లల శాతం తగ్గింది కూడా. కానీ అలా వేరు చేయడంతో పిల్లలు గేలికి గురవుతున్నారని విమర్శలొచ్చాయి. 2007లో దాన్ని ఆపేశారు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం 2003లో చట్టం చేసి మరీ బీఎంఐ రిపోర్టులు ఇళ్లకి పంపించింది. తర్వాత కాలిఫోర్నియా బడుల్లో పరిశోధకులు పరీక్షించి చూస్తే, రిపోర్టు పంపినందువల్ల పిల్లల బరువులో తేడా రాలేదు.

యాంకర్: అంటే అసలు కొలవనే వద్దంటారా?

డాక్టర్: కొలవాలి. పేర్లు లేకుండా మొత్తం లెక్క ప్రభుత్వానికి కావాలి. లేకపోతే ఏ పథకం పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది? ఆ అంకె పిల్లాడి చేతికివ్వడం దగ్గరే నా గొడవంతా. కొలిస్తే విడిగా కొలవండి, ఫలితం మాకే చెప్పండి అని మీరు బడికి రాసివ్వండమ్మా.

యాంకర్: తర్వాతి ఫోన్.

తండ్రి: సార్, నా పిల్లలు ఏం తినాలో నేను చూసుకుంటాను. పన్నులు వేసి, గీతలు గీసి ప్రభుత్వం నా వంటింట్లోకి దూరడం ఏమిటి? చివరికి చిల్లు పడేది నా జేబుకే.

డాక్టర్: మీ మాటలో సగం నిజం ఉందండి. డెన్మార్క్‌లో 2011లో కొవ్వు పదార్థాల మీద పన్ను వేశారు. జనం సరిహద్దు దాటి కొనుక్కొచ్చుకోవడం మొదలెట్టారు. 2013 మొదటికల్లా పన్ను ఎత్తేశారు. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. కూల్‌డ్రింకుల పన్నుని తయారీదారుల మీద వేసింది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల చక్కెర ఉంటే పన్ను, 8 గ్రాములుంటే ఇంకా ఎక్కువ. 2016లో ప్రకటించి, 2018 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. ఆ మధ్యకాలంలోనే చాలా కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి చక్కెర తగ్గించేశాయి. తాగేవాడు అలవాటు మార్చుకోకపోయినా వాడి ఒంట్లోకి వెళ్లే చక్కెర తగ్గింది.

తండ్రి: బరువు తగ్గిందా? అది చెప్పండి.

డాక్టర్: పది, పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, పన్ను లేకపోతే ఉండేదాని కంటే 8 శాతం తక్కువగా ఉందని ఒక అధ్యయనంలో తేలింది. అబ్బాయిల్లో తేడా కనబడలేదు. కాబట్టి పన్ను ఒక్కటే సరిపోతుందని నేను చెప్పను. ప్రకటనల సంగతి మాత్రం వేరే. మీరు మీ పిల్లాడికి మంచి మాట ఒకసారి చెప్పేలోపు ప్రకటన వాడికి పదిసార్లు కనబడుతుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 13 ఏళ్లలోపు పిల్లల కోసం తీసే ప్రకటనల్ని 1980లోనే నిషేధించింది. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్ల ముద్ర తప్పనిసరి చేసింది. వాటి మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్లు తీసేయించింది, బడుల్లో అమ్మకం ఆపించింది. ప్రభుత్వం కంటే ముందే మీ వంటింట్లోకి వచ్చి కూర్చుంది ఆ కార్టూన్ బొమ్మండీ. దాన్ని మీరొక్కరే బయటికి పంపలేరు.

తండ్రి: నల్ల ముద్రకి నాకు అభ్యంతరం లేదు. పన్నుకే ఉంది.

డాక్టర్: ఉండనివ్వండి.

యాంకర్: ఇంకో ఫోన్. ఆటల మాస్టారట.

మాస్టారు: సార్, మా పీరియడ్ ఎప్పుడూ లెక్కల వాళ్లే తీసుకుంటారు. దాని గురించి ఎవరూ మాట్లాడరే?

డాక్టర్: న్యాయమే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆటల పీరియడ్ ముట్టుకోవద్దని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే మొదట చప్పట్లు కొట్టేది నేనే. కానీ కూల్‌డ్రింకు కంపెనీ డబ్బుతో ఆటల పోటీలు పెడితే మాత్రం నాకు నవ్వొస్తుంది. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది.

యాంకర్: చివరి ఫోన్. చెప్పండి బామ్మగారూ.

బామ్మ: పిల్లాడు కాస్త బొద్దుగా ఉంటే ఇంత గోలా నాయనా? ఎదిగితే అదే కరుగుతుంది.

డాక్టర్: కొందరికి కరుగుతుంది బామ్మగారూ. బడి వయసులో బాగా లావైన పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది.

బామ్మ: అయితే ఏం పెట్టొద్దంటావు?

డాక్టర్: పెట్టండి. చాలు అన్నాక ఇంకో ముద్ద అని బతిమాలకండి. బుద్ధిగా ఉన్నాడని మెచ్చుకోడానికి తీపి చేతిలో పెట్టకండి. దాహం అంటే మంచినీళ్లే ఇవ్వండి, జ్యూస్ వద్దు.

బామ్మ: జ్యూస్ పండే కదా!

డాక్టర్: పండు నమిలితే పీచు లోపలికి వెళ్తుంది, కడుపు నిండుతుంది. పిండితే మూడు నాలుగు పండ్ల చక్కెర ఒక్క గ్లాసులోకి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పండ్లరసంలోని చక్కెరని, పైనుంచి కలిపిన చక్కెరని ఒకే పద్దులో వేస్తుంది.

బామ్మ: సరే, వాడికి పండే ఇస్తాను. నేను తాగొచ్చా?

డాక్టర్: మీ షుగర్ రిపోర్టు ఎంతొచ్చిందో చెప్పండి ముందు.