కాకి బంగారం ఊరు

అందరికీ నమస్కారం. నెల్లూరు వైపు సైదాపురం, రాపూరు దారుల్లో మిట్టమధ్యాహ్నం బండి మీద వెళ్తే రోడ్డు పక్క మట్టి తళుక్కుమంటుంది. కొత్తవాళ్లు గాజుపెంకులు అనుకుంటారు. అది మైకా, అంటే అభ్రకం. మా పెద్దోళ్లు కాకి బంగారం అనేవాళ్లు.

ఏ ఊరైనా చెరువు పక్కన పుడుతుంది. మాది గుంత పక్కన పుట్టింది. మైకా గని, దాని చుట్టూ వరసగా కూలీల ఇళ్లు, ఒక టీకొట్టు. గుడి కూడా తర్వాతే కట్టారు.

గనిలోంచి దిమ్మలు పైకొస్తే మా అమ్మలాంటి ఆడవాళ్లు షెడ్డులో కూర్చుని చిన్న కత్తితో పొరలు విడదీసేవాళ్లు. అప్పటి బీహార్‌లో అంచుల్ని కొడవలికి పెట్టి కోసేవాళ్లు, మన వైపు కత్తెర. మన నెల్లూరు మైకాది లేత ఆకుపచ్చ రంగు. సాయంత్రం అమ్మ ఇంటికొస్తే జుట్టంతా మెరిసేది. ఆ చేత్తో కలిపిన అన్నం కూడా మెరిసేది, అబద్ధం కాదు.

వేడికి కాలదు, కరెంటును పారనివ్వదు. అందుకే పాత రేడియోల్లో గాజు బల్బుల్లా ఉండే వాల్వుల్లో మైకా ఉండాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ ఎగబడి కొన్నాయి. మా ఊరు పెరిగింది ఆ గిరాకీతోనే.

1947లో అమెరికాలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అదుంటే రేడియోకి వాల్వుతో పనిలేదు, వాల్వులోని మైకాతోనూ పనిలేదు. ఈ సంగతి మాకెవరు చెప్తారు? తర్వాత మా కుర్రాళ్లే గని కూలి డబ్బులు కూడబెట్టి ట్రాన్సిస్టర్ రేడియోలు కొన్నారు. భుజానికి తగిలించుకుని, పాటలు పెట్టుకుని షిఫ్టుకు వెళ్లేవాళ్లు. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వాలో లేదో తెలియదు.

1970ల్లో ప్రభుత్వం మైకా అమ్మకానికి మిట్కో అనే సంస్థ పెట్టింది. సోవియట్ యూనియన్ బాగానే కొనేది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. గనిలో నీళ్లు తోడే మోటార్లు ఆగాయి, గుంత నిండింది. జనం తలుపులు, దూలాలు ఊడదీసుకుని గూడూరుకో నెల్లూరుకో వెళ్లిపోయారు. మిగిలిన గోడల్ని సర్కారు తుమ్మ కమ్మేసింది.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. అప్పట్లో పనికిరాదని పారబోసిన తెల్లరాయికి, అదే క్వార్ట్జ్‌కి, ఇప్పుడు మంచి ధర. ఒక పొక్లెయిను, రెండు లారీలు, నలుగురు మనుషులు. దీనికి ఊరెందుకు? మా వసారా ఉన్నచోటు అంచనాగా పట్టుకుని నిలబడ్డాను. వెనక హారన్ మోగింది.

"పెద్దాయనా, బండి పక్కకు తీ. లోడు పోవాల."