జిగ్ రంగు మార్చడం ఆపండి, బెండు లోతు మార్చండి

ఈ బెండును చూడండి. నారింజ రంగు తల మాత్రమే నీళ్ళ పైకి కనిపిస్తోంది. ఒరవడితో పాటే పోతోంది, కానీ పక్కన తేలుతున్న ఆ ఆకు కంటే కొంచెం నెమ్మదిగా పోతోంది. అదిగో, ఆకు ముందుకెళ్ళిపోయింది, బెండు వెనకబడింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

ఇది వాషింగ్టన్ రాష్ట్రంలో గోల్డ్ బార్ ఊరి దగ్గర స్కైకోమిష్ నది. జనవరి నెల, ఇప్పుడిప్పుడే వెలుతురు వస్తోంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్ళకి కారులో సుమారు గంట. గోదావరి గట్టు మీద, ఊరి చెరువు దగ్గర గాలం వేసి పెరిగినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. స్టీల్‌హెడ్ అనే చేప కోసం వస్తారు, రెండు మూడు ఆదివారాలు చలిలో నిలబడి ఒట్టి చేతులతో వెళ్తారు, తర్వాత రారు. వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ రంగు జిగ్ (సీసం తలకి రంగు ఈకలు కట్టిన కొక్కెం) వాడుతున్నారు? నేను కూడా మొదటి శీతాకాలం మొత్తం అదే ప్రశ్నతో తిరిగాను. డబ్బా నిండా రంగులు కొన్నాను, ఒక్క చేప పడలేదు. రెండో ఏడాది పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన నా బెండు వైపు చూసి, రెండు అడుగులు లోతు పెంచు అన్నాడు. అదే రోజు మొదటి చేప పడింది, జిగ్ పాతదే.

ముందు చేప గురించి కొంచెం. స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు, రెయిన్‌బో ట్రౌటే. నదిలో పుట్టి నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్, సముద్రానికి వెళ్ళి పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. మనకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు, సముద్రంలో ఇలస, గోదావరి ఎర్రనీళ్ళకి ఎదురెక్కితే పులస అని మనమే ఒక చేపకి రెండు పేర్లు పెట్టుకున్నాం. ఇంకో సంగతి, పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, స్టీల్‌హెడ్ అలా కాదు, వాటిలో కొన్ని బతికి సముద్రానికి వెళ్ళి మళ్ళీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. చేపని వదిలేటప్పుడు ఈ సంగతి మళ్ళీ ఎత్తుతాను.

ఇంటి దగ్గర బయల్దేరే ముందే సగం పని అయిపోవాలి. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ నది గేజ్ (నీటి మట్టం కొలిచే పరికరం) గ్రాఫ్ ఫోన్‌లో చూడండి. గోల్డ్ బార్ దగ్గరే ఒక గేజ్ ఉంది. అంకె ఎంత ఉందన్నది తర్వాత, గీత ఎటు పోతోందో చూడండి. వాన పడి నది పెరుగుతూ ఉంటే నీళ్ళు బురదగా ఉంటాయి, కట్టెలు కొట్టుకొస్తుంటాయి, వెళ్ళొద్దు. పెరగడం ఆగి, ఒకటి రెండు రోజులుగా తగ్గుతూ, నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగి, మూడు నాలుగు అడుగుల లోపల రాయి మసగ్గా కనిపిస్తుంటే, ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి రండి, నిజంగానే అంటున్నాను. పూర్తిగా తేటపడ్డాక చేపలు బెదురుతాయి, అప్పుడు చిన్న జిగ్, సన్నని లీడర్ (జిగ్‌కి కట్టే చివరి లైన్ ముక్క) కావాలి.

ఇప్పుడు నీళ్ళని చూద్దాం. కెమెరా అటు తిప్పుతున్నాను. అవతలి ఒడ్డున తెల్లగా నురగలు కక్కుతూ పోతున్న నీళ్ళలో చేప నిలబడదు, అంత ఒరవడిలో దానికి ఓపిక వృథా. ఇవతల గట్టు పక్కన కదలకుండా ఉన్న నీళ్ళలో కూడా ఉండదు. ఈ రెండిటికీ మధ్య ఒక గీతలాగా కనిపిస్తోంది కదా, వేగం నీళ్ళు, నెమ్మది నీళ్ళు కలిసే చోటు, అక్కడ ఉంటుంది. మనం మామూలుగా నడిచే వేగంతో పారే నీళ్ళు, నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతు, అడుగున తలకాయంత రాళ్ళు: ఇదీ స్టీల్‌హెడ్ ఇల్లు. ఇంకొక మంచి చోటు, పెద్ద మడుగు చివర నీళ్ళు పలచబడి మళ్ళీ రాళ్ళ మీదకి దూకబోయే ముందు ఉంటుందే, అది. కింది నుంచి ఆ దూకుడు నీళ్ళని ఎదుర్కొని పైకొచ్చిన చేప అలిసిపోయి మొదట ఆగేది అక్కడే. చాలామంది అది పలచగా ఉందని వదిలేసి మడుగు మధ్యకి విసురుతారు. ఇంకా ఘోరం, నడుం లోతు దిగిపోయి చేప ఉండే చోట తాము నిలబడతారు. దిగే ముందు గట్టు మీద నుంచే దగ్గరి నీళ్ళలో నాలుగు సార్లు వెయ్యండి.

సామాను. దీని మీద ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. పది అడుగుల దగ్గర దగ్గర పొడవున్న రాడ్, 8 నుంచి 12 పౌండ్ల లైన్‌కి సరిపడేది, 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీల్. పొడవు ఎందుకంటే లైన్‌ని నీళ్ళ మీద నుంచి ఎత్తడానికి, అది తర్వాత చూపిస్తాను. మెయిన్ లైన్ 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). అంత బలం చేప కోసం కాదు. బ్రెయిడ్ నీళ్ళ మీద తేలుతుంది, మరీ సన్నదైతే గాలికి రాడ్ చివర చుట్టుకుపోతుంది, 30 పౌండ్లది అంత సులువుగా చుట్టుకోదు. లీడర్ మాత్రం 10 లేక 12 పౌండ్లు, రెండు అడుగులు. కొక్కెం రాయికి పట్టుకుని తెగాల్సి వస్తే లీడరే తెగాలి, బెండు, సీసం మీ చేతికి తిరిగి రావాలి.

కట్టే వరస ఇది. పైన లైన్ మీద స్టాపర్ ముడి, దాని కింద చిన్న పూస, పూస కింద లైన్ మీద జారే బెండు, బెండు కింద సీసం, సీసం కింద స్వివెల్ (లైన్ మెలికపడకుండా తిరిగే చిన్న కడియం), స్వివెల్‌కి లీడర్, లీడర్ చివర జిగ్. స్టాపర్ ముడిని పైకి జరిపితే లోతు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఇక లెక్క: బెండు అర ఔన్స్‌ది అనుకోండి, జిగ్ 1/8 ఔన్స్, అంటే సీసం 3/8 ఔన్స్ ఉండాలి. రెండూ కలిపితే అర ఔన్స్. అప్పుడే బెండు నిటారుగా నిలబడి, తల మాత్రం పైకి ఉంచుతుంది. సీసం తక్కువైతే బెండు పైకి పొడుచుకుని ఉంటుంది, చేప నోట్లో పెట్టుకుని వదిలేసినా మీకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. నదిలో నీళ్ళు పైన ఒక వేగంతో, అడుగున ఇంకో వేగంతో పారతాయి. అడుగున రాళ్ళ రాపిడి వల్ల నెమ్మది. చేప ఉండేది ఆ అడుగు నీళ్ళలో. మీ బెండు మాత్రం పై నీళ్ళలో ఉండి కింద ఉన్న జిగ్‌ని లాక్కుపోతుంది. చలికాలం నీళ్ళు నాలుగైదు డిగ్రీలుంటే ఈ చేప పరిగెత్తి వచ్చి పట్టుకోదు, ముక్కు ముందుకి మెల్లగా రావాలి. అందుకని రెండు పనులు చెయ్యాలి.

ఒకటి, లోతు. స్టీల్‌హెడ్ తన పైన పోయే దాన్ని చూసి కొద్దిగా లేచి అందుకుంటుంది, కిందకి దిగి వెతుక్కోవడం అరుదు. జిగ్ అడుగుకి ఒక అడుగు, అడుగున్నర పైన పోవాలి. ఆ లోతు ఎలా తెలుస్తుంది? బెండే చెప్తుంది. ప్రతి రెండు విసుర్లకీ స్టాపర్‌ని అర అడుగు పైకి జరుపుతూ పోండి. ఒక దశలో బెండు తల కిందివైపుకి, అంటే నీళ్ళు పోయే వైపుకి ఒరిగి, టక్ టక్‌మని ఆగి ఆగి పోతుంది. ఇదిగో, ఇప్పుడు అలాగే పోతోంది చూడండి. కింద జిగ్ రాళ్ళని రాసుకుంటోందని అర్థం. అక్కడి నుంచి ఒక అడుగు తగ్గించండి. నాలుగు అడుగులు జరిగి నిలబడితే లోతు మారుతుంది, మళ్ళీ చూసుకోండి. నేను గంటలో పదిసార్లు స్టాపర్ జరుపుతాను, జిగ్ మాత్రం పొద్దున కట్టిందే మధ్యాహ్నం దాకా ఉంటుంది.

రెండోది, లైన్. బెండు పడగానే బెండుకీ రాడ్‌కీ మధ్య ఉన్న లైన్‌ని వేగం నీళ్ళు ఉబ్బించి ముందుకి తోస్తాయి, ఆ ఉబ్బు బెండుని లాగుతుంది. రాడ్ పైకెత్తి, ఆ లైన్‌ని లేపి, నీళ్ళు వచ్చే వైపుకి పడెయ్యండి. బెండు కదలకూడదు, లైనే కదలాలి. పొడవు రాడ్, తేలే బ్రెయిడ్ అన్నది దీనికే. ఇలా చేసి లైన్‌ని కొద్దిగా బిగువుగా పట్టుకుంటే బెండు పై నీళ్ళ కంటే నెమ్మదిస్తుంది, జిగ్ బెండు కంటే ముందుగా పోతుంది, చేపకి మొదట కనిపించేది జిగ్. మొదట్లో ఆకు చూపించాను కదా, దాని సంగతి ఇదే.

బెండు మునగడమొక్కటే గుర్తు కాదు. ఆగినా, వణికినా, పక్కకి ఒరిగినా లాగండి. లాగే ముందు వదులు లైన్‌ని రీల్‌లోకి గబగబా చుట్టి, బరువు తగిలాక రాడ్‌ని గట్టు వైపుకి ఊడ్చినట్టు లాగాలి. లైన్ వదులుగా ఉండగా నెత్తి మీదకి ఎత్తితే గాలే తగులుతుంది. పడిన తర్వాత అది పరిగెడితే పరిగెత్తనివ్వండి, రీల్ డ్రాగ్ (లైన్ జారకుండా ఆపే బ్రేక్) బిగించొద్దు. రాడ్‌ని పక్కకి వంచి పెట్టి దాని తల తిప్పండి, కిందికి పోతే మీరూ గట్టు వెంబడి నడవండి.

నడక గురించి గట్టిగా చెప్తున్నాను. వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే, నీళ్ళు చొరబడని ప్యాంటు) మీద నడుం బెల్ట్ లేకుండా నీళ్ళలోకి దిగకండి. మొదటి ఏడాది నేను బెల్ట్ కార్లో వదిలేసి దిగాను, పాచి పట్టిన గుండ్రాయి మీద కాలు జారింది, కూర్చుండిపోయాను, వేడర్స్ నిండా ఐదు డిగ్రీల నీళ్ళు. లోతు మోకాలే కాబట్టి బతికాను, కాళ్ళు మాత్రం లేవలేదు, పక్కవాళ్ళు లాగారు. మేకుల అడుగున్న బూట్లు, చేతికర్ర, లైఫ్ జాకెట్, కార్లో పొడి బట్టలు. ఒంటరిగా రావద్దు.

ఇక చట్టం. వాషింగ్టన్‌లో 15 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ ఉండాలి, స్టీల్‌హెడ్ పట్టడానికి ఏ వయసువాళ్ళకైనా క్యాచ్ రికార్డ్ కార్డ్ (ఉంచుకున్న చేపని రాసే కార్డ్) ఉండాలి. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ ఎమర్జెన్సీ రూల్స్ వెళ్ళే రోజు పొద్దున కూడా చూడండి, సీజన్ మధ్యలో నది మూసేస్తుంటారు. చాలా చోట్ల ఎదురుముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలి, లేకపోతే ప్లయర్స్‌తో ఆ ముల్లు నొక్కెయ్యండి. ఒలింపిక్ ద్వీపకల్పం వైపు, హో, బోగషీల్ నదులకి వెళ్ళేవాళ్ళు రూల్స్ ఇంకా జాగ్రత్తగా చదవండి.

క్లీవ్‌లాండ్ వైపు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. ఈరీ సరస్సులోకి పారే వాగుల్లోనూ ఈ చేపే, పసిఫిక్ తీరం నుంచి తెచ్చి వదిలిన సంతతి. వాగులు చిన్నవి, కాబట్టి చిన్న బెండు, 6 నుంచి 8 పౌండ్ల లీడర్ చాలు, లోతు సూత్రం మాత్రం ఇదే.

పడింది! ఆగండి, కెమెరా గట్టు మీద పెడుతున్నాను. సరే, దగ్గరికి వచ్చింది. నీళ్ళలోనే ఉంచాను, చేతులు తడి చేసుకున్నాను. వీపు రెక్కకీ తోకకీ మధ్య ఒక చిన్న కండ రెక్క ఉంది చూడండి, చిటికెన వేలి కొన అంత. అది హ్యాచరీ (పెంపక కేంద్రం) చేపకైతే కోసేసి ఉంటుంది, ఆ చోట మానిన మచ్చ కనిపిస్తుంది, దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకోవచ్చు, కార్డ్ మీద వెంటనే రాయాలి. దీనికి రెక్క ఉంది, అంటే నదిలో పుట్టిన చేప. ప్యూజెట్ సౌండ్ నదుల స్టీల్‌హెడ్‌ని 2007లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు, వీటిని వదలాల్సిందే, ఫోటో కోసం నీళ్ళలో నుంచి పూర్తిగా పైకి ఎత్తడం కూడా నిషేధం. మొప్పల్లో వేళ్ళు పెట్టకండి. తల ఒరవడికి ఎదురుగా ఉంచి, తోక దగ్గర వదులుగా పట్టుకుని, అది తనంతట తాను తన్నుకునేదాకా ఆగుతాను. ఇది ఆడది, గుడ్లు పెట్టి బతికితే ఇంకో ఏడాది మళ్ళీ ఈ నదికే రావచ్చు.

వెళ్ళిపోయింది.

ఇప్పుడు మళ్ళీ విసరకముందు లీడర్‌ని వేళ్ళ మధ్య పెట్టి పైనుంచి కింద దాకా జారించండి. ఇక్కడ, జిగ్‌కి జానెడు పైన, గరుకుగా తగులుతోంది, దాని పళ్ళు రాసుకున్న చోటు. కోసేసి కొత్తది కడుతున్నాను, జిగ్ మళ్ళీ అదే.