వలయం ఒక్కటే చాలదు

ఆకాశవాణి తిరుపతి కేంద్రం శ్రోతలకు నమస్కారం.

మన ఒంట్లోనే సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ ఊరుతుంది. మిగతా హార్మోన్లు హద్దు దాటకుండా చూడటం దాని పని. ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు 14 కలిసిన గొలుసు అది. అందులో రెండుచోట్ల ఉన్న గంధకం ఒకదానికొకటి ముడిపడి గొలుసును వలయంగా చేస్తుంది. పేగుల్లోనో క్లోమంలోనో హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు వచ్చి హార్మోన్లు విపరీతంగా వదులుతుంటే, కొందరికి ముఖం ఎర్రబడుతుంది, విరేచనాలు కట్టవు. మరి ఈ హార్మోన్‌నే మందుగా ఎక్కిస్తే? ఎక్కించినదాంట్లో సగం రెండు మూడు నిమిషాల్లోనే రక్తంలోంచి మాయం. ఎంజైములు కోసేస్తాయి. వలయమైనా సరే, కోసేస్తాయి. వలయం ఒక్కటే చాలదు.

సాండోజ్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు 14 ఆమ్లాల గొలుసును 8కి కుదించారు. గడ్డను పట్టుకునే నాలుగు ఆమ్లాలనూ ఉంచి, వాటిలో ట్రిప్టోఫాన్‌ను మాత్రం దాని అద్దపు రూపంలోకి తిప్పారు. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టనట్టే, ఎంజైముకు ఆ రూపం పట్టదు. ముందు కొసన అలాంటిదే మరొకటి పెట్టారు. వెనక కొసన ఆమ్లం తీసి ఆల్కహాల్ పెట్టారు. రెండు మూడు నిమిషాలు కాస్తా గంటన్నర అయింది! అదే ఆక్ట్రియోటైడ్. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. కెమిస్ట్రీలో నాకు ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు.

తర్వాత ఇంకొందరు మూడో స్థానంలో టైరోసిన్ పెట్టి, వెనక కొసను మళ్ళీ ఆమ్లంగా మార్చారు. గడ్డ కణాల మీద హార్మోన్ అతుక్కునే చోటును రిసెప్టర్ అంటారు; దాన్ని ఈ కొత్త గొలుసు మరింత గట్టిగా పట్టుకుంది. ఆ గొలుసుకు లుటీషియం-177 అనే రేడియోధార్మిక లోహం తగిలిస్తే రేడియేషన్ గడ్డ దగ్గరికే వెళ్తుంది. 2018 నుంచి అమెరికాలో అదీ మందే. కానీ రిసెప్టర్ లేని గడ్డ మీద ఇది పనిచేయదు. అందుకే ముందు స్కాన్ తీస్తారు. అన్ని క్యాన్సర్లకూ ఇదే మందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆక్ట్రియోటైడ్ ఇంట్లో వేసుకునేవాళ్ళకు ఒక్క మాట. తిరుపతిలో కొని పలమనేరుకో కుప్పానికో ఎండలో బస్సెక్కుతారు కదా, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఐసు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. గడ్డకట్టిన మందు వాడకూడదు. ఇంట్లో ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా అట్టపెట్టెలోనే ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. సూది వేసుకునే ముందు అరగంట బయట ఉంచితే మంట తగ్గుతుంది. తొందరపడి వేడినీళ్ళలో మాత్రం ముంచకండి.