ముందు చక్రం వెనకబడే ఆ కొద్ది దూరం

సభకు నమస్కారం.

హ్యాండిల్ ముట్టుకోకుండా, సీటు ఒక్కటే పట్టుకుని ఈ సైకిల్‌ను కొద్దిగా ఎడమకు వంచుతున్నాను. ముందు చక్రం కూడా తనంతట తానే ఎడమకు తిరిగింది, గమనించండి. పడబోయే వైపుకే చక్రం తిరగడం వల్ల, నడుస్తున్న సైకిల్ ఒరిగిన బరువు కిందికి మళ్ళీ చేరుకుని నిలదొక్కుకుంటుంది.

హ్యాండిల్ తిరిగే హెడ్ ట్యూబ్ నిటారుగా కాక వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వెంటే ఒక దారాన్ని నేల దాకా లాగితే, టైరు ఆనిన చోటుకన్నా అది కొంత ముందు నేలను తాకుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. టైరు ఆ గీతకు వెనక ఉంటుంది గనుక, ముందుకు సాగేటప్పుడు నేల రాపిడి దాన్ని తిన్నగా లాగుతుంది. అదే సైకిల్‌ను వెనక్కి నెడితే హ్యాండిల్ పక్కకు తిరిగిపోతుంది.

సైకిల్ కొనేవారు చాలామంది హెడ్ ట్యూబ్ కోణం ఒక్కటే చూసి స్వభావాన్ని నిర్ణయించేస్తారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. చక్రం వ్యాసార్ధం 336 మిల్లీమీటర్లు, హెడ్ ట్యూబ్ నేలతో చేసే కోణం 73 డిగ్రీలు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ దాని ఇరుసును దారం గీతకన్నా ముందుకు జరిపే దూరం, అంటే ఆఫ్‌సెట్, 45 మిల్లీమీటర్లు అనుకుందాం. ట్రెయిల్ సుమారు 56 మిల్లీమీటర్లు వస్తుంది. కోణాన్ని 72కు తగ్గిస్తే అది 62 అవుతుంది, కానీ ఆఫ్‌సెట్‌ను 51 చేస్తే మళ్ళీ 56కే దిగుతుంది. చక్రాన్ని ముందుకు జరిపితే ట్రెయిల్ తగ్గడం మొదట వింతగా తోస్తుంది. దారాన్ని మరోసారి ఊహించుకుంటే సందేహం తీరుతుంది.

కొండదారుల సైకిళ్ళలో కోణం 65 డిగ్రీల దాకా వాలి, ట్రెయిల్ 120 మిల్లీమీటర్లు దాటడం మామూలే. వేగంగా దిగేటప్పుడు అది ఎంతో నిబ్బరం ఇస్తుంది. మెల్లగా ఎగువకు తొక్కేటప్పుడు మాత్రం ముందు చక్రం పక్కకు వాలిపోతూ చేతులకు పని పెడుతుంది.

అయితే ట్రెయిలే సర్వస్వం కాదు. 2011లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక ప్రయోగంలో, చక్రాల గైరోస్కోప్ ప్రభావాన్ని, అంటే తిరిగే చక్రం తన దిశను నిలుపుకోజూసే గుణాన్ని, ఎదురు తిరిగే చక్రాలతో రద్దు చేసి, ట్రెయిల్‌ను సున్నాకు 4 మిల్లీమీటర్లు అవతలికి నెట్టినా, అంటే టైరు ఆనే చోటు గీతకు ముందుకు వచ్చినా, మనిషి లేని ఆ చిన్న సైకిల్ పడకుండా నడిచింది. ముందు భాగపు బరువును కిందుగా, హ్యాండిల్ తిరిగే గీతకు ముందుగా అమర్చడమే అందుకు కారణం. అందుకే హ్యాండిల్‌కు తగిలించిన బరువైన సంచి, ఫ్రేము కొలత ఒక్కటీ మారకపోయినా, సైకిల్ తిరిగే తీరును మార్చేస్తుంది.