కిల్‌పెక్ చర్చి: చూరు కింద కుక్కా కుందేలూ

[దగ్గర షాట్: పక్కపక్కనే రెండు రాతి తలలు]

ఈ కుక్కని చూడండి. గుడ్లప్పగించి అమాయకంగా చూస్తోంది. దానికి ఆనుకుని కుందేలు! వేట సంగతి రెండూ మర్చిపోయినట్టున్నాయి. మొన్నెవరో కార్టూనిస్టు గీశాడంటే నమ్మేస్తాం. కానీ వీటిని చెక్కింది 1140 ప్రాంతంలో.

[డ్రోన్ షాట్]

ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, హెర్ఫర్డ్‌షైర్‌లో ఉంది కిల్‌పెక్. ఇది ఆ పల్లె చర్చి. కెథడ్రల్ కాదు, చిన్న కట్టడమే. ముందు ఊరి జనం కోసం నేవ్, తర్వాత పాదిరి కోసం చాన్సెల్, చివర్న అర్ధచంద్రాకారంగా ఆప్స్. లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకవుతుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ల కాలపు ప్లాను, అంతే.

లోపలికి తొందరపడకండి. ముందు చుట్టూ ఒక రౌండు వేసి, తలెత్తి చూరు కింద చూడండి.

[కెమెరా చూరు వెంబడి నెమ్మదిగా]

గోడలోంచి పొడుచుకొచ్చిన ఈ రాళ్ళని కార్బెల్స్ అంటారు. పైభాగం బరువు మొయ్యడం వీటి పని. ఇక్కడ 85 మిగిలాయి. పంది, పొట్టేలు, వాయిద్యకారుడు, ఇంకా పేరు పెట్టలేని జంతువులు. రెండు చేతులతో తన మర్మాంగాన్ని తెరిచి చూపిస్తున్న స్త్రీ కూడా ఉంది. ఇలాంటి బొమ్మల్ని షీలా నా గిగ్ అంటారు. కామం గురించి హెచ్చరిక అని కొందరు, చెడుని తరిమే బొమ్మ అని కొందరు. పండితులు ఇంకా తేల్చలేదు. మొత్తానికి, చర్చి గోడ మీదే ఉంది.

[దక్షిణ ద్వారం]

ఇక్కడ మాత్రం తీరిగ్గా ఆగాలి. తలుపు పైన అర్ధచంద్రాకారపు రాయి మీద జీవవృక్షం. దాని చుట్టూ కమాను నిండా పక్షులూ, వింత మృగాలూ. కుడి స్తంభం పైన ఒక ముఖం, నోట్లోంచి తీగలు బయటికి పాకుతున్నాయి. ఎడమ స్తంభం మీద వదులు పంట్లాముల్లో ఇద్దరు యోధులు తీగల మధ్య చిక్కుకున్నారు. బయటి అంచున పాములు, ఒకదాని తోక ఇంకొకటి మింగుతూ. ఇదంతా ఎర్ర ఇసుకరాయి. ఇన్ని వందల ఏళ్ళ వానకి తడిసినా పాముల ఒంటి మెలికలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

[లోపల, చాన్సెల్ కమాను]

ఇప్పుడు లోపలికి. కమానుకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, రాతిలో చెక్కిన మనుషులు, ఒకరి పైన ఒకరు నిలబడ్డారు. తాళంచెవి పట్టుకున్నాయన ఏసు శిష్యుడు సెయింట్ పీటర్. పనితనం గొప్పదే, కాదనను. కానీ అందరూ బిగుసుకుపోయి ఉన్నారు. నన్నడిగితే, బయట కుక్క మొహంలో ఉన్న కళ వీళ్ళలో ఒక్కరికీ లేదు.